నాయనమ్మ కారెక్కిన అమావాస్య

మొన్న ఆదివారం మా అబ్బాయి నన్ను పట్టుబట్టి ఏలూరు తీసుకెళ్ళాడు. వట్లూరు దగ్గర ఒక కాలేజీ మైదానంలో పాతకాలపు కార్లన్నీ తెచ్చి ప్రదర్శన పెట్టారట. "సెలవు రోజు ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు, రండి నాన్నా" అన్నాడు. కార్లంటే నాకు ప్రాణమని వాడి నమ్మకం. ఆ నమ్మకం వాడికి ఎప్పుడు కలిగిందో నాకు తెలియదు. కాదని వాదించే ఓపిక లేక చొక్కా మార్చుకున్నాను.

కార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతిదాని చుట్టూ తాడు, తాడుకి "ముట్టుకోరాదు" అని అట్టముక్క. చివరి వరసలో ఒకదాని ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. గుడ్డ టాపు, కప్పకళ్ళలాంటి రెండు దీపాలు, పక్కన వెడల్పాటి ఫుట్‌బోర్డు, రబ్బరు బుడ్డి తగిలించిన ఇత్తడి హారను. మా కారు కాదు గానీ దాని తోడబుట్టినదే. మా అబ్బాయి ఆ కారు కుర్రాడితో ఏం చెప్పాడో, అతను తాడు పైకెత్తి, "రండి తాతగారూ, కాసేపు కూర్చోండి" అని నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. నేను కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చాను. కొత్త రంగు వాసన తప్ప ఇంకేమీ లేదు. 

మా కారు అలా కాదు. చీకట్లో కూడా వాసన పట్టి చెప్పొచ్చు. పెట్రోలు, గ్రీజు, ఎండకి కాగిన తోలు సీట్లు, వానకి తడిసి ఆరిన గుడ్డ టాపు, అన్నిటి మీదా చింతపండు. చింతపండు ఎందుకంటే, దీపాల చుట్లూ హారనూ ఇత్తడివి. వాటిని తోమే పని నాది.

మా కారు అంటున్నాను గానీ మాది కాదు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు షావుకారుగారిది. జమీందారీలు పోయిన కొత్తలో ఒక దివాణంలో సామాను అమ్మేస్తుంటే వేలంలో కొన్నారు. నేను దాన్ని తోమే రోజులకి దాని వయసు నా వయసుకి రెండింతలు. మిల్లు కూలీలు దాన్ని గున్నేనుగు అనేవారు. నాన్న దానికి డ్రైవరు. కొల్లేటి లంకలో పుట్టి, ఈత ముందొచ్చి నడక తర్వాత వచ్చిన మనిషి. పదిహేనేళ్ళ వయసులో పడవ గెడ పారేసి యుద్ధపు లారీల మీద క్లీనరుగా వెళ్ళాడు. డ్రైవింగు నేర్చుకుని వచ్చి, గెడ పట్టుకోమంటే మళ్ళీ పట్టుకోలేదు. వాళ్ళ ఊళ్ళో చక్రం మీద బతికిన మొదటి మనిషి ఆయనే.

మా వైపు అమావాస్యకి మిల్లు ఆపేసేవారు. రైతులు ఎద్దుల మెడ మీద కాడి పెట్టేవారు కాదు. షావుకారుగారు గడప దాటి ప్రయాణం చేసేవారు కాదు. అంచేత ఎద్దులకీ, మిల్లుకీ, కారుకీ, నాన్నకీ నెలకొక్కటే సెలవు, అందరికీ ఒకటే రోజు. ఆ రోజు నాకు కడుపునొప్పి వచ్చేది. "నీ కడుపుకి పంచాంగం తెలుసురా" అనేవారు మా మాస్టారు.

పొద్దున్నే ఇద్దరం మిల్లు వెనక షెడ్డుకి వెళ్ళేవాళ్ళం. హేండిలు మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉండేది. కారుకి ముందునించి గుచ్చి తిప్పే ఇనప హేండిలు; అది లేకపోతే కారు కదలదు. దాన్ని నేను భుజాన వేసుకుని ముందు నడిచేవాణ్ణి. హనుమంతుడి గద మోసినంత గర్వం. మిల్లు నూతిలో నీళ్ళు తోడి కడిగి, చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, తోలు సీట్లకి కొబ్బరినూనె రాసేవాళ్ళం. నేను చింతపండు పులుసుతో హారను తోముతూ మధ్యమధ్య వేలు నాకేవాణ్ణి. "పాలిషు తింటే పళ్ళు మెరుస్తాయి గానీ కడుపు నిండదురా" అని, నాన్న ఫుట్‌బోర్డు మీద గిన్నె విప్పేవాడు. చద్దన్నం, మాగాయ, ఉల్లిపాయ. ఆ ఫుట్‌బోర్డు మీద తిన్న చద్దన్నం రుచి తర్వాత ఏ పెళ్ళిభోజనంలోనూ దొరకలేదు.

తిన్నాక ట్రయలు. బ్రేకులు చూడాలి, ఇంజను వినాలి అని పేరు. పెంటపాడు వైపు కాలవ గట్టు దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. వస్తూ రైల్వే గేటు దగ్గర ఆగేవాళ్ళం. గేటు పడితే బెజవాడ నించీ రాజమండ్రి నించీ వచ్చే కార్లు అక్కడ నిలబడాల్సిందే. నాన్న కళ్ళు మూసుకుని, రాబోయే కారు చప్పుడు విని చెప్పేవాడు. "ఆరు సిలిండర్లు. టాపు లేదు. డ్రైవరు కొత్తవాడు, క్లచ్ మీదే కాలు పెట్టి ఉంచాడు." కారు వచ్చాక చూస్తే అన్నీ నిజమే. అంతకంటే గొప్ప విద్య ప్రపంచంలో ఉంటుందని నాకు తెలియదు.

ఒక ఎండాకాలం లంక నించి ఒకాయన ఎండురొయ్యల తట్టతో మా ఇంటికి వచ్చాడు. మా నాయనమ్మకి అప్పటికే రెండు కళ్ళకీ పొర కమ్మేసింది. వెలుగూ చీకటీ తప్ప తెలిసేది కాదు. ఆయన మంచినీళ్ళు తాగి చెప్పాడు.

"మీ అమ్మ అన్నం సరిగ్గా తింటం లేదండి. ఒకటే మాట. నా కొడుకు నడిపే కారెక్కి ఆకివీడు దాకా వెళ్ళి రావాలి, ఆ తర్వాత ఏవైపోయినా పర్లేదు అంటందండి."

నాన్న నవ్వేసి, ఆ రాత్రి అన్నం కలిపి తినకుండా లేచాడు.

లంక ఆకివీడు రోడ్డుకి రెండు మైళ్ళ లోపల. వానాకాలంలో చుట్టూ నీళ్ళు, పడవ తప్ప దారి లేదు. ఎండాకాలంలో మాత్రం కొల్లేరు వెనక్కి తగ్గి, ఎండిన అడుగు మీద బండి జాడలు పడేవి. కారు వెళ్ళాలంటే ఆ నెలా నెలన్నరే. మా అమ్మ తర్వాత చాలాసార్లు అంది, రోడ్డు మీద ఆపి ఆవిణ్ణి ఎడ్లబండిలో రప్పించాల్సిందని. మంచి సలహాయే. కానీ కారు దొరికేది అమావాస్యకి, అమావాస్యకి ఎడ్లబండి ఎవరు కడతారు? పైగా నాన్నకి కారు ఊళ్ళోకి తీసుకెళ్ళి అమ్మ గుమ్మంలో ఆపాలని ఉంది. ఆ కోరిక ఆవిడది ఎంతో ఆయనదీ అంతే.

అమావాస్య ముందురోజు సాయంత్రం షావుకారుగారిని అడగడానికి వెళ్ళాడు. నేను వెంట ఉన్నాను. ఆయన వరండాలో వాలుకుర్చీలో కూర్చుని, కాళ్ళు పట్టించుకుంటున్నారు.

"ఎల్లుండి పొద్దున్న ఆరింటికి బండి గుమ్మంలో ఉండాలయ్యా. ఏలూరు కోర్టులో వాయిదా ఉంది."

"పాడ్యమి కదండీ" అన్నాడు నాన్న.

"కోర్టుకి పాడ్యమి ఏంటయ్యా" అని ఆయన గట్టిగా నవ్వారు.

ఆ నవ్వులో అడిగేస్తే సరిపోయేది. నాన్న తలపాగా చేతిలో నలుపుతున్నాడు. నోరు తెరిచాడు. నేను ఆయన ముఖంకేసే చూస్తున్నాను.

"రేపు బ్రేకులు చూడాలండి" అన్నాడు. "కాస్త దూరం తిప్పి చూస్తానండి."

"చూడు, చూడు" అన్నారు షావుకారుగారు.

దారిలో నేను, "అడగలేదేం నాన్నా" అన్నాను. "ఇవ్వనంటే ఇంక వెళ్ళలేం కదరా" అన్నాడు నాన్న. పెద్దవాళ్ళ లెక్కలు అలా ఉంటాయని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు నాకు అప్పటి ఆయన కంటే ఎక్కువ వయసు. నా లెక్కలూ అలాగే ఉన్నాయి.

తెల్లవారకముందే బయలుదేరాం. గణపవరం దాటేసరికి పొద్దెక్కింది. టాపు మడిచేశాం. కోసిన చేల మీంచి గడ్డి వాసన, కాలవల్లో అడుగంటిన నీళ్ళ వాసన. ఒకచోట ముంజెలు కొట్టించుకుని, గుడ్డలో కట్టించి, నాయనమ్మకని సీటు కింద పెట్టాం. నాన్న పాడుతున్నాడు. నాన్న పాడటం నేను వినడం అదే మొదలు. గొంతు బాగుండదని నాకు అప్పుడు తెలిసింది.

ఆకివీడు దగ్గర రోడ్డు దిగాక మాత్రం పాట ఆగిపోయింది. కారు ఆపి, దిగి, చెప్పులు విడిచి ముందు తను నడిచాడు. మడమతో నేల తొక్కి చూసేవాడు. పైన పెంకులా పగిలి తెల్లగా ఉన్నచోట గట్టి, తుంగ పచ్చగా ఉన్నచోట అడుగున బురద. బండి జాడ పట్టుకుని మెల్లిగా పోనిచ్చాడు. "ఆగకుండా పోతే ఏం కాదు. ఆగితేనే భయం. హారను కొట్టకు, పిల్లలు అడ్డం వస్తారు" అన్నాడు.

ఊరు కనిపించింది. గుడిసెల ముందు ఎవరో నిలబడి చూస్తున్నారు. మా అత్తయ్య పిల్లలు, నాతో ఈతలో పందెం వేసి ఎప్పుడూ గెలిచేవాళ్ళు, అక్కడే ఎక్కడో ఉంటారు. నా చెయ్యి నా మాట వినలేదు. రబ్బరు బుడ్డి రెండు చేతులతో నొక్కాను. మళ్ళీ నొక్కాను.

ఊళ్ళో పిల్లలంతా ఒక్కసారి పరిగెత్తుకొచ్చారు. ముందుకే వచ్చారు. నాన్న బ్రేకు తొక్కాడు. కారు ఆగింది. ఆగగానే రెండువైపులా ఫుట్‌బోర్డుల మీదికి పాతికమంది ఎక్కారు. వాళ్ళందర్నీ దింపి, మళ్ళీ గేరు వేసేసరికి వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగాయి.

నాన్న నన్ను ఒక్కసారి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఊరు ఇంకా రెండు కేకల దూరంలో ఉంది. మగాళ్ళంతా వచ్చి నెట్టారు. కదల్లేదు. నాన్న ఎడ్లున్న రైతు దగ్గరికి పరిగెత్తాడు. ఎడ్లు చావిట్లో నెమరు వేస్తూ ఉన్నాయి. ఆ రైతు నిజంగా బాధపడ్డాడు.

"అమావాస్య కదా బాబూ. కాడి ఎలా పెడతాం? రేపు పొద్దు పొడవగానే నాలుగు జతలు నేనే తోలుకొస్తాను."

"రేపు ఆరింటికి కారు గూడెంలో ఉండాలండి. లేకపోతే నా ఉద్యోగం ఉండదండి."

"ఏం చెయ్యమంటావు చెప్పు" అన్నాడాయన. నాన్నకి కారు దొరికిందే అమావాస్య వల్ల. ఇప్పుడు ఏ మొహంతో అమావాస్యని తప్పు పడతాడు?

అప్పుడు పెద్దతాత వచ్చాడు. నాయనమ్మకి అన్న, నాన్నకి మేనమామ. కొల్లేటిలో ఎక్కడ ఎంత లోతో, ఏ చేప ఏ నెలలో ఎటు వెళ్తుందో ఆయనకి తెలుసు. ఊళ్ళో ఆయన మాటకి తిరుగు లేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పడవ బురదలో దిగబడితే ఏం చేస్తాంరా? నీళ్ళు పోస్తాం. నేల జారుడెక్కితే నెడతాం. ఇదీ అంతే."

"మావయ్యా, ఇది పడవ కాదండి" అన్నాడు నాన్న.

"నువ్వు పుట్టకముందు నించీ ఈ బురదతో పడుతున్నాన్రా. నీకు కారు తెలుసు, నాకు బురద తెలుసు."

నాన్న మళ్ళీ నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు. ముందురోజు వరండాలో చూసిన ముఖమే అది. పెద్దతాత ఆయన్ని భుజాన వేసుకుని పెంచాడు. ఆ చెయ్యి ఎత్తితే పట్టుకునే ధైర్యం నాన్నకి లేదు. ఊరంతా కడవలు తెచ్చింది. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, నన్ను ఈతలో ఓడించే పిల్లలు, అందరూ దొరువులోంచి నీళ్ళు మోశారు. ఎంత ప్రేమగా మోశారో చెప్పలేను. మొదట కారు నిజంగానే మూరెడు దూరం జారింది. అందరూ హోరుమన్నారు. పెద్దతాత నాన్నకేసి చూసి తలాడించాడు. ఆ తర్వాత నేల మెత్తబడి, గున్నేనుగు మెల్లిగా, తొందర లేకుండా, ఫుట్‌బోర్డు దాకా దిగిపోయింది.

నీళ్ళు పోసే చేతులు ఆగిపోయాయి. పడవైతే తేలుతుంది. బరువుతో దిగేదానికి నీళ్ళు పోస్తే ఏమవుతుందో వాళ్ళకి తెలిసే అవసరం ఎప్పుడూ రాలేదు. పెద్దతాత బురద చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. నాన్న గట్టిగా ఉన్న నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఎక్కడైనా ముట్టుకోవాలని ఉంది గానీ, హారను కొట్టిన చెయ్యి అది.

అంతలో అత్తయ్య నాయనమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. ఊరంతా కారు దగ్గరే ఉంటే ఆవిడ మాత్రం గుడిసెలో ఎంతసేపు ఉంటుంది? ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, చేతిలో ఆకుదొన్నె పట్టుకుని వచ్చింది. దొన్నెలో చింతచిగురు, ఎండురొయ్యల కూర. "దారిలో ఆకలేస్తుంది నీకు" అంది నాన్నతో. తర్వాత చెయ్యి చాచి ఇంజను మూత మీద పెట్టింది.

"వెచ్చగా ఉందిరా. గొడ్డు ఒళ్ళులా ఉంది."

కప్పకళ్ళ దీపాలు తడిమింది. హారను తడిమింది. "ఇది తోమేది నువ్వేనంటగా" అని నా తల నిమిరింది. "ఏదీ, ఎక్కించండి నన్ను."

ఫుట్‌బోర్డు నేలకి సమానంగా ఉంది కాబట్టి ఆవిడ కాలు ఎత్తకుండానే కారులోకి వెళ్ళిపోయింది. "ఎత్తుగా ఉంటదన్నారు, బానే ఉంది" అంటూ వెనక సీట్లో కుదురుగా కూర్చుంది. అత్తయ్య పక్కన కూర్చుంది.

"పోనియ్ నాయనా."

నాన్న పెద్దతాతకేసి చూశాడు. పెద్దతాత నేలకేసి చూశాడు. కారు కదలదని నాన్న చెప్పేస్తాడనుకున్నాను. నాన్న లేచి, నా చేతిలోంచి హేండిలు తీసుకుని, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని తిప్పాడు. మూడో తిప్పుకి ఇంజను అందుకుంది. వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. నేను పక్కన. గేరు వేస్తే చక్రాలు ఇంకా దిగబడతాయి, అందుకని వెయ్యలేదు. ఊరికే యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను పెద్దగా అరిచింది.

పెద్దతాత చెయ్యి ఊపాడు. ఒక్క మాట లేకుండా ఇరవైమంది మగాళ్ళు రెండు పక్కలా పట్టుకుని కారుని ఊపడం మొదలుపెట్టారు. చక్రాలు కదలకపోయినా, పైభాగం స్ప్రింగుల మీద ముందుకీ వెనక్కీ ఊగింది. అత్తయ్య చెంగుతో కళ్ళు తుడుచుకుని, తాటాకు విసనకర్ర తీసి నాయనమ్మ ముఖానికి అడ్డంగా గట్టిగా విసిరింది.

"అబ్బ, ఏం గాలిరా" అంది నాయనమ్మ. "ఎక్కడిదాకా వచ్చాం?"

నాన్న జవాబు చెప్పాలి. ఎదురుగా ఉన్న అద్దంలో ఆయన ముఖం చూశాను. ఆయన యాక్సిలరేటరు ఇంకాస్త తొక్కాడు. నేనే చెప్పాను.

"రోడ్డెక్కాం నాయనమ్మా. చింతచెట్లు వస్తున్నాయి. ఎదురుగా బస్సొస్తోంది."

హారను కొట్టాను. ఈసారి కొట్టమని నాన్నే తలాడించాడు.

"బస్సువాడు మనకేసి చూశాడా?"

"చూశాడమ్మా" అన్నాడు నాన్న. "తల బయటపెట్టి మరీ చూశాడు."

అలా వెళ్ళాం. తూము దాటాం, వంతెన దాటాం. మగాళ్ళ వీపుల మీద చెమట ధారగా కారుతోంది. ఒకాయన జారి బురదలో పడి, చప్పుడు చెయ్యకుండా లేచి మళ్ళీ పట్టుకున్నాడు. నాన్న అది చూసి, "ఆకివీడు గేటు పడిందమ్మా. రైలొస్తోంది. కాసేపు ఆగాలి" అన్నాడు. వాళ్ళందరూ వంగి ఊపిరి పీల్చుకున్నారు. నాయనమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని రైలు వెళ్ళేదాకా ఓపిగ్గా కూర్చుంది. సీటు కింది ముంజెలు గుర్తొచ్చి ఒకటి చేతికిచ్చాను. "ఆకివీడులో కొన్నావా" అంది. అవునన్నాను.

గేటు తీశాక మళ్ళీ ఊపారు. కొంచెంసేపటికి నాయనమ్మ ముందుకి వంగి నాన్న భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంక చాలు నాయనా, వెనక్కి తిప్పెయ్. ఆకివీడు చూశాగా. పాపం, అందరూ అలిసిపోయుంటారు."

కారులో ఉన్నది నలుగురం. అందరూ అని ఎవర్ని అందో ఆలోచించే వయసు కాదు నాది. తిరుగు ప్రయాణమని ఇంకొంచెం ఊపాక నాన్న ఇంజను ఆపేశాడు. అత్తయ్య ఆవిణ్ణి మెల్లిగా దింపింది.

మర్నాడు పొద్దు పొడవగానే ఆ రైతు అన్న మాట ప్రకారం నాలుగు జతల ఎడ్లు తోలుకొచ్చాడు. తుంగ కట్టలు పరిచి, పెద్దతాత వలల తాళ్ళు కట్టి, మధ్యాహ్నానికి లాగారు. ఆకివీడు కాలవ దగ్గర ఆపి, నాన్నా నేనూ కారుని కడిగాం. నాయనమ్మ ఇంట్లోంచి తెచ్చిన చింతపండుతో నేను హారను తోమాను. ఈసారి వేలు నాకలేదు.

గూడెం చేరేసరికి దీపాలు పెట్టేశారు. షావుకారుగారు రైల్లో ఏలూరు వెళ్ళి, వాయిదా వేళ దాటిపోయాక చేరి, తిరిగి వచ్చేసి ఉన్నారు. వరండాలో అదే కుర్చీ. మెట్లు దిగి వచ్చి, చక్రం పుల్లల సందులో వేలు పెట్టి చూశారు. నల్లటి బురద అంటింది.

"ఎక్కడికి తీసుకెళ్ళావయ్యా?"

"మా అమ్మని ఎక్కిద్దామని అండి. కొల్లేట్లోకి."

ఆయన వేలు తుడుచుకున్నారు. తిడతారని నేను నాన్న వెనక్కి వెళ్ళాను. తిట్టలేదు.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదయ్యా" అన్నారు. మెట్టు చూపించి, "ఆ హేండిలు అక్కడ పెట్టు" అన్నారు.

హేండిలు నా భుజం మీద ఉంది. నాన్న వైపు చూశాను. ఆయన తలాడించాడు. నేనే తీసుకెళ్ళి మెట్టు మీద పెట్టాను. ఇత్తడిది కాదు గనక దాన్ని ఎప్పుడూ తోమలేదే అని ఎందుకో అప్పుడు అనిపించింది.

ఆయన నిజంగా ఇచ్చేవారా, ఇచ్చేవారు కాదా? మా ఇంట్లో ఆ తర్వాత ఎన్నేళ్ళు ఈ మాట నలిగిందో. ఇచ్చేవారంటే నాన్న తప్పు, ఇవ్వరంటే షావుకారుగారి తప్పు. మా అమ్మ కోపం వచ్చిన రోజు ఒకలా, జాలి వేసిన రోజు ఇంకోలా చెప్పేది. ఆయన నాన్నని పూర్తిగా వెళ్ళగొట్టలేదు. మిల్లు ఇంజను గదిలో పని ఇచ్చారు. కారు మాత్రం ఇంకొకతను నడిపాడు. అమావాస్యలకి నాన్నా నేనూ రైల్వే గేటు దగ్గర కూర్చునేవాళ్ళం. గున్నేనుగు వచ్చి ఆగేది. కొత్త డ్రైవరు గేరు కరకరలాడిస్తే నాన్న పళ్ళు బిగించేవాడు. అదీ కొన్నాళ్ళే. ఇంజను గది రొదకి ఆయనకి చెవుడు మొదలైంది. తర్వాత తర్వాత, "ఏ కారురా వస్తోంది" అని నన్నే అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి.

నాయనమ్మ ఆ వానాకాలం దాటలేదు. పోయేదాకా వచ్చినవాళ్ళందరికీ కారు ప్రయాణం చెప్పిందట. చింతచెట్లు, బస్సువాడు, రైలు గేటు, అన్నీ. ఊళ్ళో ఒక్కరూ కాదనలేదు.

నాకు ఉద్యోగం వచ్చాక ఒకసారి ఆకివీడులో అత్తయ్యని చూడ్డానికి వెళ్ళాను. పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది. మాటల్లో ఆ అమావాస్య వచ్చింది. "పాపం, నాయనమ్మ నిజంగా వెళ్ళాననే అనుకుంది" అన్నాను.

అత్తయ్య చెయ్యి ఆగింది. "నీళ్ళు పోసిన బురద వాసన మా అమ్మకి తెలీదనుకున్నావా? డెబ్భై ఏళ్ళు దాంట్లోనే బతికింది. కారెక్కినప్పుడు కాలు ఎత్తలేదు చూడు, అప్పుడే తెలిసిపోయింది. ఆ రాత్రి నాతో అంది. నా కొడుకు అంత కష్టపడి తీసుకెళ్తా ఉంటే, వెళ్ళలేదని ఎలా చెప్పనే అంది." మళ్ళీ రొయ్యలు అందుకుంది. "మీ నాన్నకి చెప్పకు."

చెప్పలేదు. చెప్తే ఆయనకి మిగిలిన ఆ ఒక్కటీ పోతుందేమో. చెప్పకపోతే తల్లి తనకోసం ఏం చేసిందో తెలియకుండా పోతాడేమో. ఏది మంచిదో తేల్చుకోలేక ఏళ్ళు గడిపాను. ఆఖరి రోజుల్లో నాన్న మంచం మీంచి చెవిటివాళ్ళ గొంతుతో పెద్దగా అనేవాడు. "ఉద్యోగం పోతే పోయింది గానీ అమ్మ కారెక్కిందిరా. ఆకివీడు దాకా వెళ్ళాననే అనుకుంది." నేను ఆయన చెవి దగ్గర వంగి, "అవును నాన్నా, ఆకివీడు దాకా" అనేవాణ్ణి. అంతకంటే నాకేమీ చేతకాలేదు.

మైదానంలో తాడు అవతల మా అబ్బాయి నిలబడి నన్నే చూస్తున్నాడు. వారానికి వాడికి దొరికేది ఒక్క సెలవు. అది నాకోసం ఎండలో పాడుచేసుకున్నాడు. "ఎలా ఉంది నాన్నా, మీ కారులాగే ఉందా?" అన్నాడు.

ఆ కారులో ఒక్క వాసనైనా లేదు.

"అచ్చం అలాగే ఉందిరా" అన్నాను. "ఇంక చాలు, దిగుతాను. నువ్వు అలిసిపోయుంటావు."